తీర్థన్‌లో ట్రౌట్ వేట: ఏ నెలలో వెళ్లాలి, ఏ గైడ్‌ని పెట్టుకోవాలి, ఎన్ని గంటలు తీసుకోవాలి

హిమాచల్‌లో గైడ్‌తో ఫ్లై ఫిషింగ్‌కి (పురుగులా కట్టిన నకిలీ ఎరతో చేప పట్టడానికి) వెళ్లాలనుకునేవాళ్లు ముందు రేటు అడుగుతారు, తర్వాత రూమ్ గురించి అడుగుతారు. ఆ వారంలో నది నీళ్లు ఎలా ఉంటాయని అడిగేవాళ్లు అరుదు. కానీ ట్రౌట్, అంటే చల్లటి కొండ నదుల్లో ఉండే చేప, పడుతుందో లేదో తేల్చేది ఆ నీళ్లే. బురదనీళ్లలో ఎంత గొప్ప గైడైనా చేసేదేమీ లేదు. నీళ్లు తేటగా, చల్లగా, తగ్గి ఉంటే మాత్రం ఓ మోస్తరు గైడ్ కూడా కొత్తవాళ్ల చేత చేప పట్టించగలడు. అందుకే ఎంపిక ఈ వరుసలో సాగాలి: ముందు నెల, తర్వాత నదిలో ఏ భాగం, ఆ తర్వాత గైడ్, చివరికి గంటలూ డబ్బూ.

ఇక్కడ ప్రధానంగా చెప్పేది కులూ జిల్లాలోని తీర్థన్ నది గురించి. గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానవనంలో పుట్టి, గుషైని, నాగిని, బంజార్ మీదుగా దిగి, లార్జీ దగ్గర బియాస్ నదిని చేరుతుంది. ఈ ఉద్యానవనానికి 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. నదిలో ఉండేది బ్రౌన్ ట్రౌట్, అంటే ఒంటి మీద నల్లటి, ఎర్రటి చుక్కలున్న చేప. ఇది మన దేశపు చేప కాదు. బ్రిటిష్ వాళ్లు ముందు కాశ్మీర్‌లో పెంచారు, అక్కడి గుడ్లతో 1909లో కులూకి తెచ్చారు. లోయలో హోటళ్లు పళ్లెంలో పెట్టేది మాత్రం చాలావరకు చెరువుల్లో పెంచిన రెయిన్‌బో ట్రౌట్. ఇక గాలానికి అప్పుడప్పుడు పడే స్నో ట్రౌట్ పేరుకే ట్రౌట్. అది మన కొల్లేరు బొచ్చె, శీలావతుల కుటుంబానికి చెందినది. దాన్ని చూపించి ట్రౌట్ పడిందని గైడ్ అంటే ఒంటి మీది చుక్కలు చూసుకోండి.

నెల

హిమాచల్‌లో ట్రౌట్ వేటకు నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం అది. తెరిచి ఉండే ఎనిమిది నెలల్లో కూడా నిజంగా పనికొచ్చేవి రెండు విడతలే.

మార్చి మొదట్లో నీళ్లు చాలా చల్లగా ఉంటాయి. చేప అడుగున కదలకుండా పడి ఉంటుంది. ట్రౌట్‌కి హాయిగా ఉండే వేడి సుమారు 10 నుంచి 16 డిగ్రీలు, అంతకు బాగా తక్కువైతే ఆకలి మందగిస్తుంది. కాబట్టి తెల్లవారుజామున లేచి లాభం లేదు. ఎండ నీళ్ల మీద పడ్డాక, పదకొండు నుంచి మూడు దాకా వేస్తే చాలు. మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ సగం దాకా మొదటి మంచి విడత.

ఏప్రిల్ సగం దాటాక పైన మంచు కరగడం ఊపందుకుంటుంది. నీరు పాలు కలిపినట్టు మసకగా మారుతుంది, మధ్యాహ్నానికి మట్టం పెరుగుతుంది. మే, జూన్‌లో పొద్దున తొమ్మిదిలోపు పని ముగించాలి. మన పిల్లల వేసవి సెలవులు సరిగ్గా ఈ కాలంలోనే పడతాయి. ఢిల్లీ నుంచి వచ్చే జనం కూడా అప్పుడే. చేప దాక్కునే మడుగుల్లోనే ఈతలు కొడుతుంటారు. వేసవి సెలవుల్లో తప్ప కుదరదనుకునేవాళ్లు వేటను తోడు కార్యక్రమంగా పెట్టుకోండి, దానికోసమే అంత దూరం వెళ్లొద్దు.

జూలై నుంచి సెప్టెంబర్ సగం దాకా వద్దు. తగ్గింపు ధరలు కనిపిస్తాయి, అయినా వద్దు. బియాస్ లోయలో 2023 జూలై వరదలు రోడ్లనూ వంతెనలనూ ఏం చేశాయో అందరూ చూశారు. ఈ లోయల్లో పైన ఎక్కడో వాన పడితే కింద ఎండలో నిలబడ్డవాడి కాళ్ల కిందికి నీరొస్తుంది.

సెప్టెంబర్ మూడో వారం నుంచి అక్టోబర్ 31 దాకా రెండో విడత. మా ఓటు దీనికే. నీరు గాజులా తేరుకుంటుంది, మట్టం పడిపోతుంది, చేప పైకొచ్చి పురుగుల్ని అందుకుంటుంది. దసరా సెలవులు కూడా ఇందులోనే వస్తాయి. ఒక్క జాగ్రత్త: కులూ దసరా మన విజయదశమి రోజునే మొదలై వారం సాగుతుంది. ఆ వారం భుంతర్, కులూ చుట్టుపక్కల రూములు దొరకవు, రోడ్లు నిండిపోతాయి. ఔట్ దగ్గరే తీర్థన్ లోయలోకి తిరిగిపోతే ఆ రద్దీ తగలదు. అక్టోబర్ చివర్లో గులకరాళ్ల మీద కడిగినట్టు తెల్లగా, శుభ్రంగా కనిపించే మచ్చలుంటే వాటిలో కాలు పెట్టకండి. అవి ఆడ ట్రౌట్ గుడ్లకోసం తవ్వుకున్న గూళ్లు.

నదిలో ఏ భాగం

నాగిని నుంచి గుషైని దాకా రోడ్డు నది పక్కనే ఉంటుంది. కారు దిగి పది నిమిషాల్లో నీళ్లలో ఉండొచ్చు. సగంరోజు ట్రిప్పులకూ, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకూ ఇదే సరైన చోటు. గుషైని దగ్గర ఫలాచన్ వాగు తీర్థన్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి రోల్లా వైపు పోయే కాలిబాట వెంట జనం తగ్గుతారు, మడుగులు చిన్నవవుతాయి, రాళ్లు పెద్దవవుతాయి. రోజంతా తీసుకుని నడవగలిగేవాళ్లకి ఇది బాగుంటుంది. ఉద్యానవనం గేటు దాటి లోపల గాలం వేయిస్తాననే గైడ్‌కి దూరంగా ఉండండి.

కింది భాగం సంగతి మాత్రం విడిగా, గట్టిగా చెప్పాలి. తీర్థన్ మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు వద్దని రాష్ట్రం నిర్ణయించింది. అందుకే ఇక్కడ నీళ్లు వానకీ మంచుకీ మాత్రమే పెరుగుతాయి, మనిషి గేటు ఎత్తితే పెరగవు. లార్జీ దాటి బియాస్‌లో దిగితే ఈ భరోసా ఉండదు. 2014 జూన్ 8న లార్జీ డ్యామ్ దిగువన తలౌట్ దగ్గర, రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు, పైనుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. 24 మంది పిల్లలు పోయారు. తెలుగు ఇళ్లు ఆ రోజును మరిచిపోలేవు. నీళ్లు వదిలేముందు అక్కడ నది మామూలుగానే ఉంది. డ్యామ్ దిగువన నది చూడ్డానికి ఎప్పుడూ మామూలుగానే ఉంటుంది, ప్రమాదం అక్కడే ఉంది. "బియాస్‌లో పెద్ద చేపలుంటాయి, అక్కడికి తీసుకెళ్తా" అని గైడ్ అంటే, ఆ చోటుకి పైన డ్యామ్ గానీ బ్యారేజీ గానీ ఉందా అని అడగండి. ఉందంటే వెళ్లొద్దు.

తీర్థన్‌లోనైనా ఒక గుర్తు మనసులో పెట్టుకోండి. తేటగా ఉన్న నీరు హఠాత్తుగా రంగు మారినా, ఎండుటాకులూ పుల్లలూ తేలుతూ వచ్చినా, రాడ్ సర్దుకోవడానికి కూడా ఆగకుండా గట్టెక్కాలి.

గైడ్

లోయలో గైడ్లు రెండు రకాలు. ఎక్కువమంది స్పిన్నింగ్ రాడ్‌తో, మెరిసే రేకు ఎర తిప్పి లాగడం నేర్పుతారు. అది గంటలో వచ్చేస్తుంది, పిల్లలకి సులువు, మసకనీళ్లలో ఫ్లై కంటే మేలు కూడా. అందులో తప్పేం లేదు. అయితే మీరు డబ్బు కట్టింది ఫ్లై ఫిషింగ్‌కైతే నదికొచ్చాక చేతిలో స్పిన్నింగ్ రాడ్ పెట్టించుకోకూడదు. ఫోన్‌లోనే తేల్చుకోండి.

గోదావరి కాలవలో వానపాముని గుచ్చి, సీసం గుండు కట్టి, బెండు వేసి కూర్చున్న చేతులకి ఫ్లై మొదట అర్థం కాదు. అక్కడ గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఫ్లై అంటే ఈకలూ దారమూ చుట్టిన చిన్న కొక్కెం, దానికి బరువు లేదు. లావుపాటి లైన్‌కే బరువుంటుంది, రాడ్ ఆ లైన్‌ని విసిరితే ఫ్లై దాని వెంట పోతుంది. కాబట్టి గైడ్ దగ్గర సరైన రాడ్, దానికి తగిన లైన్ లేకపోతే ఎంత చెప్పినా చేతికి రాదు. "మీ రాడ్ ఎన్ని అడుగులు, ఎన్నో నంబర్ లైన్?" అని అడిగితే నిజం బయటపడుతుంది. తీర్థన్‌కి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది అడుగుల రాడ్, 4 లేదా 5 నంబర్ తేలే లైన్, తొమ్మిది అడుగుల లీడర్ (లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం) అని జవాబు రావాలి. లీడర్ చివర మార్చి, ఏప్రిల్‌లో 4 ఎక్స్ సరిపోతుంది, అంటే సుమారు 0.18 మిల్లీమీటర్ల మందం. అక్టోబర్ తేటనీళ్లలో 5 ఎక్స్ కావాలి, అది 0.15. ఎక్స్ ముందున్న అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. దీనికి తడుముకునేవాడు ఫ్లై గైడ్ కాడు.

ఫ్లైల పెట్టె ఫొటో పంపమనండి. అందులో 12 నుంచి 16 నంబర్ల (కొక్కెం సైజు) ఫెజంట్ టెయిల్, హేర్స్ ఇయర్ లాంటి పూసతల నింఫ్‌లు వరుసగా ఉండాలి. నింఫ్ అంటే నీటి అడుగున రాళ్లకి అంటుకుని ఉండే పురుగు పిల్లకి నకలు. ట్రౌట్ తిండిలో చాలా భాగం అదే. పైన తేలే ఆడమ్స్, ఎల్క్ హెయిర్ క్యాడిస్ కొన్ని ఉంటే అక్టోబర్‌కి పనికొస్తాయి. పెట్టె నిండా రంగురంగుల పెద్ద ఫ్లైలే ఉంటే అది చూపించడానికి పెట్టుకున్న పెట్టె.

తర్వాత అడగాల్సినవి: ఒక గైడ్‌కి ఎంతమంది? ఇద్దరు దాటితే ఒప్పుకోవద్దు. రాళ్ల మధ్య చిన్న మడుగుల్లో ఒక్కసారి ఒక్కరే వేయగలరు, మూడోవాడు కూర్చుని చూడాల్సిందే. మత్స్యశాఖ లైసెన్స్ మీ పేరున తీస్తారా, గైడ్ పేరున ఉన్నదాంతో సరిపెడతారా? మీ పేరునే ఉండాలి. దానిమీద ఉన్న చేపల సంఖ్య, కొలత నిబంధనలు చదవండి. కొక్కెం ముల్లు నొక్కేస్తారా? ముల్లు నొక్కిన కొక్కెం చేప నోటి నుంచీ మీ వేలి నుంచీ సులువుగా బయటికొస్తుంది. "నొక్కితే చేప జారిపోతుంది" అనే గైడ్‌కి చేప మీద గానీ మీ మీద గానీ శ్రద్ధ లేదని అర్థం. దారం బిగువుగా ఉంచితే ముల్లు లేకపోయినా చేప పోదు.

సగంరోజా, రోజంతానా

సగంరోజంటే నాలుగు గంటలు. అందులో సామాను బిగించడం, గడ్డి మీద విసరడం నేర్చుకోవడం ఒక గంట. నడక అరగంట. చిక్కుపడ్డ దారం విప్పుకోవడం, చెట్టుకి తగిలిన ఫ్లై పోతే కొత్తది కట్టుకోవడం ఇంకో అరగంట. నీళ్లలో ఫ్లై ఉండేది రెండు గంటలే. ఒకసారి చూద్దామనుకునేవాళ్లకి, పిల్లలతో వచ్చినవాళ్లకి అది చాలు.

రోజంతా అంటే ఎనిమిది గంటలు, మధ్యలో భోజనం. అయితే కొత్తవాళ్లకి ఇది మేము చెప్పం. నాలుగో గంటకి భుజం పట్టేస్తుంది, అలసిన చేయి తప్పుగా విసురుతుంది, ఆ తప్పే అలవాటవుతుంది. దానికంటే వరసగా రెండు సగంరోజులు తీసుకోవడం చాలా మేలు. మొదటి సాయంత్రం విసరడం, మర్నాడు పొద్దున వేట. రాత్రి నిద్రలో చేతికి ఆ లయ పడుతుంది. మొదటిరోజు రాని విసురు రెండోరోజు పది నిమిషాల్లో రావడం చాలామంది విషయంలో జరుగుతుంది. రోజంతా ట్రిప్పు, రోల్లా వైపు నడక, ఇవి ఇంతకుముందు కనీసం రెండు మూడు రోజులు ఫ్లై వేసినవాళ్లకి.

డబ్బు విషయంలో మొత్తం అంకె కాకుండా అందులో ఏమేమి కలిసి ఉన్నాయో రాయించుకోండి: లైసెన్స్, రాడ్, వేడర్లు (నీళ్లు లోపలికి రాని పొడుగు ప్యాంట్లు), బూట్లు, పోయిన ఫ్లైల ఖర్చు, భోజనం, బండి. తక్కువ రేటు చెప్పినవాళ్లు ఎక్కువగా వదిలేసేది వేడర్లని. మార్చి నీళ్లలో మామూలు ప్యాంటుతో పావుగంట నిలబడితే కాళ్లు మొద్దుబారతాయి, మిగతా ట్రిప్పు గట్టు మీదే. బూట్ల అడుగున నమదా (దట్టంగా ఒత్తిన ఉన్నిలాంటి పొర) ఉండాలి, లేదంటే లోహపు గుబ్బలున్న రబ్బరు. నున్నటి గుండ్రాళ్ల మీద స్పోర్ట్స్ షూ సబ్బు మీద నడిచినట్టే. మీరు తెచ్చుకోవాల్సినవి పోలరైజ్డ్ కళ్లద్దాలు, అంచున్న టోపీ. అద్దాలు నీటి మెరుపుని తగ్గించి చేపని చూపిస్తాయి, తిరిగొచ్చే కొక్కెం నుంచి కంటిని కాపాడతాయి. ఇవి లేకుండా నీళ్లలోకి దించే గైడ్ వద్దు.

నీళ్లలో ఏం జరుగుతుంది

నడుమెత్తు బండరాయి ఒకటి, దాని పక్కనుంచి వేగంగా పోయే నీరు, వెనక నెమ్మదిగా తిరిగే నీరు. ఈ రెండూ కలిసే చోట సన్నని గీత కనిపిస్తుంది. చేప నెమ్మది నీటిలో నిలబడి, వేగం నీరు మోసుకొచ్చే పురుగుల్ని ఆ గీత మీద అందుకుంటుంది. నింఫ్ పడాల్సింది గీతకి నాలుగైదు అడుగుల ఎగువన, కిందికి దిగడానికి దానికి సమయం కావాలి. లీడర్ మీద చిన్న బెండు, దానికీ నింఫ్‌కీ మధ్య దూరం నీటి లోతుకి ఒకటిన్నర రెట్లు. బెండు నురగతో సమానంగా, అదే వేగంతో రావాలి. నురగని దాటి పోతుందంటే మధ్యలో ఉన్న వేగం నీరు మీ లైన్‌ని విల్లులా వంచి లాగేస్తోందన్నమాట. పరుగెత్తే పురుగు ఎక్కడా ఉండదు, చేప దాన్ని ముట్టదు. కొత్తవాళ్లకి చేప పడకపోవడానికి పెద్ద కారణం ఇదే, ఫ్లై రంగు కాదు. లైన్ నీటిమీద పడగానే రాడ్ కొన ఎత్తి, ఆ వంపుని ఎగువకి తిప్పి వేయాలి. మంచి గైడ్ పొద్దంతా చెప్పేది ఈ ఒక్క మాటే.

బెండు మునగక్కర్లేదు. కాస్త ఆగినా, పక్కకి ఒరిగినా చాలు, అప్పుడే రాడ్‌ని దిగువవైపు పక్కకి లేపాలి. కాలవలోలాగా బెండు పూర్తిగా మునిగేదాకా చూస్తే ట్రౌట్ ఎప్పుడో ఉమ్మేసి ఉంటుంది. ఎంతసేపటికీ రాయి తగలకపోతే నింఫ్ అడుగుదాకా పోవట్లేదు, బెండుని పైకి జరపండి. ప్రతిసారీ రాయికే చిక్కుకుంటే కిందికి జరపండి.

పడిన చేపని చేయి తడుపుకునే పట్టుకోవాలి. పొడి చేయి దాని ఒంటి జిగురుని తుడిచేస్తుంది, ఆ జిగురే దానికి రోగాల నుంచి కాపు. వలలో నీళ్లలోనే ఉంచి కొక్కెం తీయండి. ఫొటోకి ఎత్తితే పది సెకన్లు మించొద్దు. ఎదురు నీటికి తల పెట్టి పట్టుకుంటే తనకై తనే పోతుంది. తినాలనిపిస్తే హోమ్‌స్టేలో పెంపకం రెయిన్‌బో వండించుకోండి, నది చేపని నదికి వదిలేయండి. చల్లటి నీళ్లలో అది ఎదగడానికి ఏళ్లు పడుతుంది.

తీర్థన్ కాకపోతే

కాశ్మీర్‌లో వేటకి వందేళ్లు దాటిన సంప్రదాయం ఉంది. నదిని బీట్లుగా విడగొట్టి, ఒక్కో బీట్‌కి మత్స్యశాఖ పర్మిట్ ఇస్తుంది. జనం మీద జనం పడరు. పహల్గామ్ దగ్గర లిద్దర్ తీర్థన్ కంటే వెడల్పు, విసరడానికి చోటెక్కువ. కానీ అక్కడ సీజన్ ప్రధానంగా ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. అందుకని అక్టోబర్ దసరాకైతే హిమాచలే. వేసవి సెలవుల్లో తప్పనిసరిగా వేటకే వెళ్లాలంటే కోకర్నాగ్ వైపు చూడండి. అక్కడి వాగులకి ఊటనీరు తోడవుతుంది, మంచు కరిగే రోజుల్లోనూ లిద్దర్ కంటే తేటగా ఉండే చోట్లు దొరుకుతాయి. బుక్ చేసే ముందు ఆ వారం ఏ ప్రాంతాలు పర్యాటకులకి తెరిచి ఉన్నాయో చూసుకోవాలి.

హిమాచల్‌లోనే బరోట్ దగ్గర ఊల్, రోహ్రూ దగ్గర పబ్బర్, సాంగ్లా దగ్గర బస్పా కూడా ట్రౌట్ నదులే. మూడింటి మీదా విద్యుత్ కట్టడాలున్నాయి కాబట్టి ఏ కట్టడానికి ఎగువన, ఏ కట్టడానికి దిగువన నిలబెడతారో అడిగి తేల్చుకోవాలి.

సియాటిల్‌లో ఉండేవాళ్లకి పర్వతం దాటితే గంటన్నరలో యాకిమా నది. అక్కడ ఎంపిక పడవా, నడకా అన్నది. దీన్నీ నీళ్లే తేలుస్తాయి. వేసవిలో పొలాలకి రిజర్వాయర్ల నుంచి వదలడంతో నది నిండుగా, వేగంగా ఉంటుంది, గట్టు నుంచి వేయడం కష్టం. అప్పుడు పడవ తీసుకోండి. సెప్టెంబర్‌లో ఆ విడుదల తగ్గించాక నది పలచబడుతుంది. నేర్చుకోవాలనుకునేవాళ్లు అప్పుడు వెళ్లి నీళ్లలో నడిచే ట్రిప్పు తీసుకోవాలి. పడవలో గైడ్ తెడ్డు వేస్తూ మిమ్మల్ని చేప ముందు నిలబెడతాడు, నీటిని చదవడం మాత్రం నడకలోనే వస్తుంది.

అడ్వాన్స్ పంపే ముందు ఒక షరతు రాతలో తీసుకోండి: వాన వల్లో కొండచరియల వల్లో నది మట్టినీళ్లయితే డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా? బయల్దేరే ముందు రోజు సాయంత్రం గుషైని వంతెన మీద నిలబడి తీసిన నది ఫొటో పంపమనండి. మోకాలిలోతు నీటిలో అడుగు రాళ్లు విడివిడిగా కనిపిస్తుంటే ఫ్లై వేయొచ్చు. కనిపించకపోతే, మీరు మాట్లాడుకున్న సగంరోజునే స్పిన్నింగ్‌కి మార్చమనండి, లేదా ఆ రోజుకి జలోరీ కనుమ చూసి రండి.